బెంచీలక్క పంపింది

ఆ సంఘంలో ఆమె అసలు పేరు పాస్టరుగారికి కూడా ఠక్కున గుర్తు రాదు. ఆరాధనకు ముందు బెంచీలు సర్ది, అయ్యాక మళ్ళీ సర్ది, తలుపులు మూసి తాళం వేసే మనిషి కాబట్టి అందరికీ బెంచీలక్క. వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. వారం పొడుగునా ఆస్పత్రి బట్టల గదిలో చిరిగిన దుప్పట్లకూ దిండు గలీబులకూ కుట్లు వేస్తుంది. అక్కడ ఆమెతో మాట్లాడేది కుట్టుమిషన్ ఒక్కటే. ఇస్త్రీ కొట్టు పైన అద్దెగది. అందులో ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక కంచం. రెండో కంచం కూడా ఉండేది. భర్త పోయాక అటక మీద పెట్టేసింది.

ఆయన పోయిన కొత్తలోనే ఈ ఊరికి బదిలీ మీద వచ్చింది. మొదటి ఆదివారం ఆరాధన కాగానే అందరూ నవ్వుతూ వందనాలు చెప్పారు. తర్వాత ఎవరి పిల్లల్ని వాళ్ళు వెతుక్కుని, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. అందులో ఎవరి తప్పూ లేదు. ఈమె మాత్రం గేటు దగ్గర వంగి, చక్కగా ఉన్న చెప్పు పట్టీని వీధి ఖాళీ అయ్యేదాకా సరిచేసుకుంటూనే ఉంది. ఒంటరిగా నడిచిపోతుంటే ఎవరైనా చూస్తారేమోనని సిగ్గు. అది తను సిగ్గుపడాల్సిన విషయం కాదని చెప్పే మనిషి పక్కన లేడు.

పై వారం చెప్పు సాకు వద్దనుకుని బెంచీలు సర్దడం మొదలుపెట్టింది. చేతిలో పని ఉన్నవాళ్ళని ఎందుకు ఆగావని ఎవరూ అడగరు. అడగలేదు సరికదా, తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టారు. పనిచేసే చెయ్యి ఒకటి కనబడితే సంఘం ఎప్పుడూ ఆలస్యం చెయ్యదు మరి!

కొన్నాళ్ళకు అదే గేటు దగ్గర ఇంకొకాయన వంగి చెప్పు సర్దుకుంటున్నాడు. గడియారాలు బాగుచేసే మనిషి, ఒంటికాయ శొంఠికొమ్ము. ఆ చెప్పుకు ఏ రోగమూ లేదని ఆమెకు ఇట్టే తెలిసిపోయింది.

"మీరు మన సంఘంలోని డ్రైవరన్నయ్య వాళ్ళింటికి భోజనానికి వెళ్ళండి," అంది.

"పిలవకుండా ఎలా వెళ్తానమ్మా?" అని ఆయన నీళ్ళు నమిలాడు.

"తలుపు కొట్టి, బెంచీలక్క పంపింది అనండి. అంతే."

డ్రైవరు భార్య తలుపు తీసింది, మారు మాట్లాడకుండా కంచం పెట్టింది. అప్పటినుంచి అదే వాడుకైపోయింది. హాస్టల్లో ఉండేవాళ్ళూ, ఉద్యోగానికి కొత్తగా వచ్చినవాళ్ళూ, తోడు పోయిన ముసలివాళ్ళూ ఎవరు కనబడినా బెంచీలక్క గుమ్మంలో నిలబడి ముఖం చూసి ఇల్లు చెప్పేది. సంఘానికంతటికీ తలలో నాలుకైంది. అందర్నీ పంపేశాక వెనక బెంచీ మీద కూర్చుని తన క్యారేజీ విప్పుకునేది. ఒక్క ఆదివారం ఎవరైనా "అక్కా, నువ్వూ రా" అంటే బాగుండునని ఆమెకు ఎంత ఆశో! దేవుడి దగ్గర కూడా ఆ మాట పైకి అనలేదు.

మరి సంఘంవాళ్ళు చెడ్డవాళ్ళా అంటే, కానే కాదు. ఇన్ని ఇళ్ళు పంచిపెట్టే మనిషి తనకొకటి ఉంచుకోకుండా ఉంటుందా అని ప్రతి ఇంటివాళ్ళూ అనుకున్నారు. తమ ఇంటికి రాలేదంటే పక్కింట్లో తింటోందని నిశ్చింతగా ఉన్నారు.

ఈసారి పాస్టరుగారు సేవ చేసేవాళ్ళకు కృతజ్ఞత చెప్పే ఆదివారం పెట్టారు. సండే స్కూల్ టీచరునీ, పాటల బృందం నడిపే ఆమెనీ, బెంచీలక్కనీ ముందుకు పిలిచి పూలగుత్తులు ఇచ్చారు. చప్పట్లు మోగాయి. పాస్టరుగారికి హుషారొచ్చింది.

"ఇన్నాళ్ళూ అక్క ఎవరెవరి వంటలు రుచి చూసిందో ఇవాళ తేల్చేద్దాం! అక్కకు భోజనం పెట్టినవాళ్ళు చేతులెత్తండి!"

ఒక్క చెయ్యీ లేవలేదు. ఎదుటివాళ్ళ చెయ్యి కోసం అందరూ తలలు తిప్పి వెతికారు, ముఖముఖాలు చూసుకున్నారు. సరదాకు సగం లేపిన చేత్తో పాస్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. డ్రైవరు భార్య తల వంచేసుకుంది. బెంచీలక్కకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"నాకే తీరిక కుదర్లేదులెండి," అని నవ్వి, పూలగుత్తి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

పాస్టరుగారు ప్రసంగం కాగితాలు మడిచేశారు. "చప్పట్లు కొట్టడం తేలికే. వచ్చే వారం నుంచి ఈ బెంచీలు పట్టడానికి ఎవరొస్తారు?" అన్నారు. దీవెన కాకముందే జారుకునే అలవాటున్న గడియారాలాయనే ముందు లేచాడు. ఆ వెనకే మరికొందరు లేచారు.

ఆరాధన కాగానే అందరూ ఆమె చుట్టూ మూగారు. "ఇవాళ మా ఇంటికే రావాలక్కా," అంది డ్రైవరు భార్య. "కాదు, మా ఇంటికే," అంటూ పాటల బృందం నడిపే ఆమె అక్క చెయ్యి పట్టుకుంది. సరే, వాళ్ళు తీసుకెళ్తున్నారు కదా అని డ్రైవరు భార్య తప్పుకుంది. ఇంతలో సండే స్కూల్ టీచరు అడ్డం వస్తే పాటలామె వదిలేసింది. టీచరును పిల్లలు లాక్కుపోయారు. గడియారాలాయన తటపటాయిస్తుంటే, "వెళ్ళండి, డ్రైవరన్నయ్య ఎదురుచూస్తుంటాడు," అని అలవాటుగా బెంచీలక్కే పంపేసింది. కిటికీలు మూసి బయటికి వచ్చి చూస్తే ఆవరణలో నరపురుగు లేదు.

లోపలికెళ్ళి వెనక బెంచీ మీద కూర్చుని క్యారేజీ విప్పింది. ఒక ముద్ద కలిపి మళ్ళీ మూత పెట్టేసింది. ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. ఎవరూ పిలవనప్పుడు ఇంత బాధ లేదు.

తాళం వేసి గేటు దాకా వచ్చి, వంగి చెప్పు పట్టీ పట్టుకుంది. పట్టీ గట్టిగానే ఉంది. చెప్పు సర్దుకునేవాళ్ళ సంగతి ఆమెకు తెలియనిదా? అలాంటి మనిషి కనబడితే ఏ ఇంటికి పంపాలో కూడా ఆమెకే తెలుసు.

డ్రైవరు ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. లోపల కంచాల చప్పుడు, నవ్వులు. వెనక్కి తిరిగి పోదామనుకుంది. పోకుండా తలుపు కొట్టింది.

"ఎవరూ?" అంది డ్రైవరు భార్య లోపల్నుంచి.

ఆమె ఇంకోసారి కొట్టింది.

"ఎవరండీ?"

"బెంచీలక్క పంపింది," అంది.

లోపల ఎవరో ఇంకో కుర్చీ బల్ల దగ్గరికి జరిపిన చప్పుడు వినిపించింది.