అక్క దొరువు, మేము గొరిగిన దిబ్బ

నేలను కాపాడటం మా ఆఫీసు పని. మైపాడు సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బలు గాలికి లేచి పొలాల మీద పడకుండా చూస్తాం. నేను అక్కడి నర్సరీలో మొక్కలు పెంచుతాను. బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగిలిన చదువంతా శాఖా గ్రంథాలయంలో. గాలుల గురించి, మట్టి గురించి, తీరపు మొక్కల గురించి అక్కడ దొరికిన పుస్తకమల్లా చదివాను, కొన్నిటిని రెండుసార్లు. ఆఫీసులో నన్ను ‘లైబ్రరీ’ అని పిలుస్తారు. ఎగతాళిగానే మొదలుపెట్టారు గానీ ఆ పేరంటే నాకిష్టం.

మా సూపర్‌వైజర్ గారు, జీపు డ్రైవరన్న ఇద్దరూ ఉదయగిరి వైపు మెట్ట పొలాల్లో చాలాకాలం పనిచేసి వచ్చినవాళ్లు. అక్కడ వానకు మట్టి కొట్టుకుపోకుండా రాతి కట్టలు వేస్తారు. పై ఆఫీసరు చూడటానికి వస్తున్నాడంటే, కట్ట మీద మొలిచిందంతా పీకేసి రాయి కనపడేలా శుభ్రం చేస్తారు. చేతులకు పట్టిన అలవాటది. డ్రైవరన్నకైతే పండగే. కొడవలి పట్టుకుని చర్చి పాట అందుకున్నాడంటే ఇక ఆగడు.

పోయిన వేసవి మొదట్లో నేను విడవలూరులో మా చెల్లెలింటికి వెళ్లి వచ్చేసరికి దిబ్బ గుండు కొట్టించుకున్నట్టుంది. ఆఫీసరు వస్తున్నాడని కబురు వచ్చిందట. వీళ్లిద్దరూ కూలీలను పెట్టి, దిబ్బంతా అల్లుకున్న తీగను పీకించేశారు. మేక గిట్టలాంటి ఆకులు, ఊదా పూలు ఉండే ఆ తీగే ఇసుకను పట్టి ఉంచేది. ఆ సంగతి వాళ్లకు తెలియక కాదు, దాన్ని నాటించింది కూడా వాళ్లే. ఆఫీసరు అన్న మాట వినగానే చేతులు ఉదయగిరి వెళ్లిపోయాయి.

ఆఫీసరు రాలేదు. దక్షిణపు గాలి వచ్చింది.

దిబ్బ వెనక ఒక అక్క ఆకుకూరలు పండించి నెల్లూరికి పంపుతుంది. ఆమెకు ఉన్న ఆధారమల్లా ఒక దొరువు. ఇసుకలో తవ్విన గుంట అది, వాలుగా దిగి కడవలతో నీళ్లు ముంచుకోవాలి. దిబ్బ ఇసుక ఆ దొరువులోకి జారడం మొదలైంది. ఒకరోజు ఉదయాన్నే ఆమె కడవ తెచ్చి సూపర్‌వైజర్ గారి ముందు వంచింది. నీళ్లకంటే ఇసుకే ఎక్కువ పడింది.

“దిబ్బకు క్షవరం బాగా చేసినారు సార్. దొరువు పూడిపోతే నేను యాడ బతకాల?”

ఆయన లేచి నిలబడ్డారు. “తప్పయిపోయిందమ్మా.”

“తప్పంటే దొరువు నిండతాదా?”

“నిండతాదక్కా, ఇసకతో” అనేసి డ్రైవరన్న నాలుక కరుచుకున్నాడు.

“నువ్వు నోరు మూసుకోని పార అందుకోన్నా!” అని అక్క కసిరింది.

ఆ రోజే తాటాకుల దడి కట్టాం. ఒడ్డు వెంట పోయి తీగ ముక్కలు కోసుకొచ్చాం. కణుపులున్న ముక్కలను సగం పూడ్చి, వేరు పట్టేదాకా తడపాలని నేను పుస్తకంలో చదివింది చెప్పాను.

“ఆ ముక్క మాకూ ట్రైనింగులో చెప్పినార్లే లైబ్రరీ. నీళ్లు యాడుండాయో అది చెప్పు” అన్నారు సూపర్‌వైజర్ గారు.

దగ్గరలో ఉన్న మంచినీళ్లు దొరువులోవే. అవి కూరకే చాలడం లేదు. అక్క తన మళ్ల చివరిదాకా నడిచి వచ్చింది.

“ఆ చివర రెండు మళ్లు వదిలేస్తా. ఆ నీళ్లు తీసుకోండి. తీగ బతక్కపోతే మిమ్మల్నే నాటతా దిబ్బ మీద.”

ఆ నెలంతా ఆఫీసు తలుపు తెరవకముందే ముగ్గురం దొరువులో ఉండేవాళ్లం. ఆదివారం డ్రైవరన్న చర్చి నుంచి తెల్ల చొక్కాతోనే వచ్చి దిగేవాడు. సూపర్‌వైజర్ గారు ప్యాంటు మడిచి కడవ భుజాన పెట్టుకుంటే సగం నీళ్లు వీపు మీదుగా పోయేవి. “తీగకు పొయ్యమంటే సారు తానం చేస్తన్నాడే” అని అక్క నవ్వేది. పక్కనే ఆ రెండు మళ్లలో తోటకూర వాలిపోతుంటే ఆయన అటు చూడకుండా వాలు ఎక్కేవారు.

ముక్కల్లో సగం ఎండిపోయాయి. మిగతా సగం నిదానంగా పాకాయి. ఇసుక దడి దగ్గరే నిలిచిపోయింది. పూడిన మేరకు దొరువును మళ్లీ తోడాం. నీళ్లు ఊరుతున్నాయి.

ఒక ఉదయం అక్క ఆ రెండు మళ్లను తవ్వుతూ కనపడింది.

“మీ సార్ను పిల్చుకోని రా లైబ్రరీ. ఇత్తనాలు ఆయన చేత్తోనే చల్లాల.”

ఆయన వచ్చి, బూట్లు గట్టు మీద విప్పి, గుప్పెడు విత్తనాలు తీసుకుని మడిలోకి దిగారు.

“అంతా ఒక్క చోటే పొయ్యబాకండి సార్,” అంది అక్క, “పల్చగా, పల్చగా.”

ఆయన మళ్లీ మొదటి నుంచి, వంగి, పల్చగా చల్లడం మొదలుపెట్టారు.