ఆటంబాంబు తగువు, బుట్టెడు చేపలు

మా పెళ్లికి అడ్డుపడింది జాతకం కాదు, ఆటంబాంబు.

ప్రోతరాపూర్‌లో సముద్రం మధ్య ద్వీపంలోని మా ఇంటికి పెళ్లిమాటలకని అబ్బాయి తండ్రీ, నాన్నమ్మా వచ్చారు. వాళ్లు ఆ ద్వీపంలోనే పుట్టి పెరిగినవాళ్లు. మేం స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం తీరం నుంచి వలలతో సహా దిగినవాళ్లం. అబ్బాయిని చాతం రేవు దాటించే ఫెర్రీలో రెండు మూడుసార్లు చూశాను. అతను కాకపోతే ఇంకెవరూ వద్దనుకునేంత నచ్చాడు.

భోజనాల దగ్గర మాట, యుద్ధంలో జపాన్ వాళ్లు మా ద్వీపాన్ని ఆక్రమించుకున్న కాలం మీదికి మళ్లింది. కాబోయే మామగారి తండ్రిని అప్పట్లో జపాన్ సైనికులు పట్టుకెళ్లారు, ఆయన మళ్లీ రాలేదు. జపాన్‌లో ఆ రెండు ఊళ్ల మీద ఆటంబాంబులు పడబట్టే మేం బతికాం, వెయ్యడమే న్యాయం అన్నారు మామగారు. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు గానీ, ఆ ఉత్తమం మా నాన్నకి పుట్టుకతోనే అబ్బలేదు. సైనికుడి పాపానికి ఉయ్యాల్లో పిల్లని కాలుస్తారా అని అడిగాడు. మీరు చూడలేదు కనక అంటున్నారని మామగారు సగం అన్నంలో చెయ్యి కడిగేసుకున్నారు. వంటింట్లో నాకు ఏడుపొచ్చింది. ఎవరో ఎవరిమీదో బాంబేస్తే మధ్యలో నా పెళ్లేం చేసింది?

ముసలావిడ మాత్రం ముళ్లు తీసుకుంటూ తాపీగా తిని వెళ్లింది.

మా జాలరుల్లో ఒక పద్ధతుంది. ఎవరితో తగువైనా మర్నాడు వాళ్లింటికి కూరచేప పంపాలి. తగువు పెద్దలది, ఆకలి పిల్లలది. బుట్ట ఖాళీగా తిరిగొస్తే తగువు తీరనట్టు. నాన్న మూతి ముడుచుకునే మంచి వంజరం చేప ఏరి బుట్టలో పెట్టాడు. అమ్మ వెనకాలే నేనూ వెళ్లాను, సిగ్గు విడిచి.

బుట్ట చూసి మామగారు అటు తిరిగి కూర్చున్నారు. ముసలావిడే అందుకుంది.

"మాయన్ని అట్టుకెల్లిపోనారు. బాంబు పడి లడాయి ఖతమైందంటే నానూ ఖుషీ అయినాను, అబద్దమెందుకు" అంది కొడుకుతో. చేపని అటూ ఇటూ తిప్పి చూసింది. "మనకైతే తగువైన మర్నాడు చేపొచ్చింది. ఆ ఊళ్లల్లోన పిల్లలకి మర్నాడు ఏటెల్లిందిరా?"

 మామగారు లేచి, పెరట్లో తమలపాకులు కోసి, బుట్ట నిండా పెట్టి అమ్మకిచ్చారు. నాకు అక్కడే గంతులెయ్యాలనిపించింది.

వియ్యంకులయ్యాక కూడా ఇద్దరూ ఏ శుభకార్యంలో కలిసినా బాంబు మీద తగువే. మర్నాడు ఎవరో ఒకరి గుమ్మంలో చేపల బుట్ట ఉండేది.