సగం ధరకు కొన్న సీసపు కుండ

మూడు రోజులు పాతబడిన సరుకును సగం ధరకు దించిన మనిషిని నేను. హైదరాబాదులో ఏళ్లుగా ఒకటే ధర మీద నిలబడిన ఏజెంటు చేత ఫోనులోనే "సరే మేడమ్, మీ ఇష్టం" అనిపించాను. ఆ పూట నంద్యాలలో నా అంత గడుసుది లేదనుకుంటూ రెండో కప్పు టీ కూడా తెప్పించుకున్నాను.

సరుకంటే కందిపప్పు కాదు. మా స్కానింగు సెంటరుకు వారానికొకసారి వచ్చే సీసపు కుండ. చూస్తే చిన్న పాల క్యానంత ఉంటుంది, ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. లోపల రేడియోధార్మిక పదార్థం. రోజూ పొద్దున్నే దానిగుండా ఉప్పునీళ్లు పంపితే మాకు కావలసింది అవతలి సీసాలోకి దిగుతుంది. మా పనిలో దాన్ని పాలు పితకడం అంటాం. ఆ పాలకు నేను ఒక పొడి కలిపి మందు తయారుచేస్తాను. సూదితో ఎక్కిస్తే అది పోయి ఎముకల్లో కూర్చుంటుంది. కొన్ని గంటలాగి కెమెరా కింద పడుకోబెడితే, ఎముకలో జబ్బు ఉన్నచోటు నల్లగా కనిపిస్తుంది. చిక్కల్లా ఒకటే. ఈ ఆవు పితికినా పితక్కపోయినా వట్టిపోతూనే ఉంటుంది. మూడు రోజులు తిరక్కముందే బలం సగానికి పడిపోతుంది.

అంటే, సగం బలమున్న సరుకును సగం ధరకు కొన్నాను. ఇందులో నేను కొట్టుకొచ్చిన లాభమెంతో మీరే చూసుకోండి. రసాయన శాస్త్రంలో డాక్టరేటు ఉన్నదాన్ని, నాకు ఈ లెక్క తెలియక కాదు. ఆ వారం రోగులు తక్కువ, ఎట్లాగో సరిపెట్టొచ్చులే అనుకున్నాను. సెంటరు యజమానిది ఒకవైపు రోజూ పోరు. "కుండ ఖరీదు తగ్గించండి మేడమ్, మీరు అంగడోళ్ల బిడ్డే గదా!" ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ఈ గుణం నాకు పట్టించింది మా చిన్నాయన. ఆళ్లగడ్డలో మా ఇంటి ముందుగది కిరాణా అంగడి. నాయన గల్లా దగ్గర కూర్చుంటే, కొనుగోలుకు తిరిగేది ఆయన తమ్ముడు. నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని సంతకు తీసుకుపోయేవాడు. పొద్దున పూట ధర కూడా అడగనిచ్చేవాడు కాదు. సాయంత్రం, మిగిలిన టమాటా గంపను తిరిగి ఊరికి మోసుకుపోలేక రైతు దిక్కులు చూసే వేళకు, పోయి ఎదురుగా నిలబడేవాడు. పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునే విద్య కూడా ఆయనే నేర్పాడు. ఇంట్లో మా ఇద్దరికీ అదే ఆట. నోటితో ఎంత అబద్ధమైనా ఆడొచ్చు, తువ్వాలు కింద ఆడకూడదు. అది ఆయన నియమం.

మా అంగడికి ఇంకో కట్టుబాటు ఉండేది. మంచి సరుకు గిరాకీకి, కడాన మిగిలింది ఇంటికి. మేం పెరిగింది నూకలతోనూ విరిగిన బిస్కెట్లతోనూ, డబ్బా అడుగున అంటుకున్న బెల్లంతోనూ.

నంద్యాలలో డిగ్రీ చేశాను, హైదరాబాదులో పైచదువు. తర్వాత చాలా ఏళ్లు ఒక ప్రయోగశాలలో స్కాను మందుల మీద పని. ఎండకు పొడి చెడిపోకుండా నిలబెట్టే పద్ధతి ఒకటి మా బృందం కనిపెట్టింది, అందులో తిప్పలు చాలావరకు నావి. నంద్యాలలో ఈ సెంటరు పెడుతున్నారని తెలిసి ఆ ఉద్యోగం వదిలి వచ్చాను. సేవాభావం అనుకునేరు. శిరివెళ్ల నుంచీ అవుకు నుంచీ ఒక్కో రోగి వెంట ముగ్గురేసి మనుషులు హైదరాబాదు పోయి, లాడ్జీల్లో పడి ఉండి వస్తున్నారు. ఇంత గిరాకీ ఉన్నచోట అంగడి లేకపోవడం నా ఒంటికి సరిపడలేదు. ఈ ప్రాంతంలో ఈ పని మొదలుపెట్టిన మొదటి మనిషినని ఒక సభలో శాలువా కప్పారు. కుండను వేళకు చేర్చే బండి ఒకటి చూడండని అదే సభలో అడిగితే, అందరూ గట్టిగా చప్పట్లు కొట్టారు. శాలువా ఇప్పటికీ ఉంది. బండి మాత్రం రాలేదు.

దాంతో ప్రతి వారం డ్రైవరుతో నా గోల నాకే. "యాడున్నావన్నా? బేగా రా!" అంటాను. "వస్తాండా గదమ్మా! ఇనప పెట్టెలో సామాను, అదేమన్నా విరిగిపోతాదా?" అంటాడు, నోట్లో అన్నం ముద్దతో. విరగదు నాయనా, దారిలోనే కరిగిపోతోంది అంటే నమ్మడు. పెట్టె బరువు తగ్గలేదు కదా మరి.

బేరం కుదిరిన ఆ సాయంత్రం, రెండో కప్పు టీ చల్లారకముందే చిన్నాయన ఫోను చేశాడు.

"పాపా, నడుము నిలవకపోతాండాది. పండుకుంటే లేయలేను, లేస్తే పండుకోలేను. డాక్టరు నీ కాడ స్కాను తీపిచ్చుకోని రమ్మన్నాడు."

రెండేళ్ల కిందట ఆయనకు ప్రొస్టేట్ క్యాన్సరుకు వైద్యం జరిగింది. ఇప్పుడీ నొప్పి వయసు తెచ్చిందా, ఆ జబ్బే ఎముకకు పాకిందా అన్నది తేలితే తప్ప ఏ మందు మొదలుపెట్టాలో డాక్టరుకు తెలియదు.

"మంగళవారం పొద్దున్నే వచ్చెయ్ చిన్నాయనా. మొదట నిన్నే చూస్తాం."

"ఏందీ మాట? బయటోళ్లను నిలబెట్టి ఇంటోళ్లకు తూస్తావా? మీ నాయన వింటే కొడతాడు. కడాన పెట్టు నన్ను."

నేను గట్టిగా కాదనలేదు. చెప్పొద్దూ, నాకూ అదే న్యాయమనిపించింది. వారం చివర, శుక్రవారం, ఆఖరు పేరు రాశాను.

సోమవారం రావలసిన కుండ మంగళవారం సాయంత్రం దిగింది. దారిలో బండి చెడిపోయిందట. బుధ, గురువారాలు ఎట్లాగో గడిచాయి. శుక్రవారం గడివేముల ఆమెకూ అవుకు ఆయనకూ ఇచ్చాక చిన్నాయన కోసం మందు కొలిచాను. మీటరులో అంకె చూసి మళ్లీ కొలిచాను, అదే వచ్చింది.

"ఇంత తక్కువైతే బొమ్మ సరిగా రాదు మేడమ్" అన్నాడు స్కాను చదివే డాక్టరు. "కదలకుండా చాలాసేపు పడుకోగలిగితే చూద్దాం."

"పండుకుంటాలే" అన్నాడు చిన్నాయన.

పడుకోలేకపోయాడు. ఆ సన్నటి బల్ల మీద పళ్లు బిగించుకుని కొంతసేపు ఓర్చుకున్నాడు. తర్వాత నడుము దానంతటదే కదిలింది. కాసేపాగి మళ్లీ ప్రయత్నించాం, మళ్లీ కదిలింది. తెర మీద తెల్లగుడ్డ మీద ఆవాలు చల్లినట్టు చుక్కలు తప్ప ఏమీ లేదు. దీన్ని చూసి తానేమీ రాయలేనని డాక్టరు లేచి వెళ్లిపోయాడు.

"తప్పు నాదా పాపా, మిషనుదా?"

"మందు చాల్లేదు చిన్నాయనా. బండి చెడిపోయి..."

"ఆగు." భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుని నా వైపు చాపాడు. సూది వేసిన మనిషికి మరీ దగ్గరగా నిలబడవద్దని అందరికీ చెప్పేదాన్ని నేనే. వెళ్లి తువ్వాలు కింద చేయి పెట్టాను.

"ఎంతకు కొన్న్యావ్?"

ఆయన చూపుడువేలు పట్టుకుని మధ్యకు మడిచాను. మా ఆటలో సగమంటే అది.

"ఎన్ని దినాల సరుకు?"

మూడు వేళ్లు నొక్కాను.

"టమాటాలు అట్ల కొనమన్నా గానీ, ఇది నేను నేర్పలేదే" అన్నాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "కడాన పెట్టమన్న నా బుద్ధి ఇంగా గొప్పదిలే. పా, ఇంటికి పోదాం."

తర్వాతి వారం ఏజెంటుకు ఫోను చేసి తాజా కుండ చెప్పాను. "రేటు అడగరా మేడమ్?" అని వాడే ఆశ్చర్యపోయాడు. వేళకు పంపు చాలన్నాను. వచ్చిన మర్నాడు పొద్దున్నే, శిరివెళ్ల వాళ్లు బెంచీ మీద కూర్చుని ఉండగా, చిన్నాయనను ముందు పిలిచాను. వాళ్లను దాటి వస్తూ ఆయన నన్ను మింగేసేలా చూశాడు. ఈసారి ఆయన కదలకముందే బొమ్మ వచ్చేసింది. అద్దంలాగా ఉంది. నడుము కింది వెన్నుపూసలో ఒక నల్లమచ్చ, తుంటి ఎముకలో ఇంకొకటి. జబ్బు పాకింది. ఆయనను పంపిన డాక్టరు ఆ రోజే మందు మొదలుపెట్టాడు. ఒక వారం ఆలస్యానికి జబ్బులో పెద్ద తేడా ఏమీ రాదన్నాడు. ఆ వారమంతా ఆయన గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీశాడని చిన్నమ్మ చెప్పింది.

ఇక లెక్క. కుండ ధరలో మిగిల్చిన సగం, బలంలో పోయిన సగంతో చెల్లు. ఆ పైన పాడైన స్కాను ఒకటి, ఆళ్లగడ్డ నుంచి రెండోసారి కారు బాడుగ ఒకటి. ఆ రెండూ నా జీతంలో కోయించుకున్నాను. ఆ వారం నొప్పిని నా మీదికి రాసుకునే వీలు లేదు. దాన్ని ఆయనే భరించాడు. రెండో స్కానుకు నీ దగ్గర దుడ్లు తీసుకోనన్నాను. వినలేదు. చొక్కా లోపలి జేబులోంచి నోట్లు తీసి, బోర్డు మీదున్న ధర ఉన్నట్టుగా లెక్కపెట్టి కౌంటరు మీద పెట్టాడు. కొంతైనా తగ్గించమంటాడని చూస్తూ నిలబడ్డాను. అడగలేదు.