తాలింపు వేయని ఇంట్లో మందునూనె

2022 వానాకాలం. మార్కాపురం నుంచి పెద్దదోర్నాల పోయే రోడ్డు పక్కన ఒక ఊళ్లో నేను పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. శ్రీశైలం బస్సుల హారన్లు వింటూ గొర్రెలకు నట్టల మందు తాగించడం, ఆవులకు చూలు పరీక్ష చేయడం నా రోజువారీ పని. ఆ ఏడు మా మీదికి లంపీ స్కిన్ వచ్చి పడింది. ఇది పశువులకు వచ్చే వైరస్ జబ్బు. ఈగలు, దోమలు ఒక పశువు నుంచి ఇంకోదానికి మోస్తాయి. జ్వరం కాస్తుంది, ఒళ్లంతా గడ్డలు లేస్తాయి, అవి పగిలి పుండ్లవుతాయి. ఆ వైరస్‌ను నేరుగా చంపే మందు మా దగ్గర లేదు. జబ్బు సోకని పశువులకు టీకా వేస్తాం. సోకినవాటికి జ్వరం తగ్గే సూది, పుండ్లు చీము పట్టకుండా యాంటీబయాటిక్ ఇస్తాం. మిగతాది పశువు సత్తువను బట్టి ఉంటుంది.

ఆ మిగతాదానికి మూలికలు సాయం చేస్తాయని మాకు శిక్షణలో చెప్పారు. తమలపాకులు, మిరియాలు, ఉప్పు, బెల్లం నూరి కొంచెం కొంచెంగా తినిపించాలి. కుప్పింటాకు, వేపాకు, తులసి, గోరింటాకు, పసుపు, వెల్లుల్లి నూరి, నువ్వుల నూనెలో కాచి, చల్లార్చి పుండ్లకు పూయాలి. ఈ మొక్కల్లోని కొన్ని పదార్థాలు ల్యాబులో వైరస్‌లను అడ్డుకున్నాయంటారు. గాజుగొట్టంలో జరిగిందే ఆవు ఒంట్లోనూ జరుగుతుందని నేను ప్రమాణం చేయను. కానీ ఈ నూనె పూస్తే ఈగ వాలకపోవడం, పుండు ఆరడం నా కళ్లతో చూశాను.

ఒకరోజు పొద్దున వెంకటేశ్వర్లు అనే అతను ఆసుపత్రికి వచ్చాడు. పలకల ఫ్యాక్టరీలో పని, జుట్టు నిండా రాతి దుమ్ము.

"మేడం, మా గౌరి మేత ముట్టలా. ఒళ్లంతా పొక్కులు లేసినాయి. నిండు చూలుతో ఉండాది. మాయమ్మేమో డాక్టరొద్దు, అమ్మోరు పోసింది అంటాది" అన్నాడు.

వెళ్లి చూస్తే కొట్టం గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. గౌరి తల వేలాడేసి నిలబడి ఉంది. ముందుకాలి మీద గడ్డ పగిలి, ఈగలు ముసురుతున్నాయి. ఈ జబ్బులో చూలు నిలవడం కష్టం. ఇంకొన్నాళ్లు మేత మానేస్తే తల్లి కూడా దక్కదు. వెంకటేశ్వర్లు తల్లి ఆదెమ్మ పక్కనే కూర్చుని దాన్ని వేపమండతో విసురుతోంది. ఆ ఆవు పుట్టినప్పుడే తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచిందట. నేను సూది తీయగానే లేచి అడ్డం నిలబడింది.

"సూది మాత్రం వద్దమ్మా. అమ్మోరు ఉగ్రం అయితాది."

"పోనీ ఆకుమందు?"

"ఆకులంటే ఆయమ్మయే గదా. పెట్టు."

తమలపాకు ముద్ద ఆమే నూరి, గౌరి నాలుక మీద రాసి మింగించింది. ఇక నూనె సంగతి. వెల్లుల్లితో కలిపి పొయ్యి మీద కాచాలని చెప్పానో లేదో, ఆదెమ్మ మొహం మారిపోయింది.

"నూనెలో ఎల్లుల్లి ఏగితే తాలింపు కాదా ఏంది? అమ్మోరున్న ఇంట్లో తాలింపా? మేము పప్పు కూడా చప్పగా తింటన్నాము."

నాకు ఒళ్లు మండింది. నాది అసలే దురుసు నోరు. "పెద్దమ్మా, నీకు ఆవు కావాలా, చప్పిడి పప్పు కావాలా?" అనేశాను.

ఆదెమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నాకు గౌరి కావాల. నేను తాలింపేసి, దానికి ఏమన్నా అయితే నేనే సంపుకున్నట్టు గదమ్మా" అంది. ఆమె మొండితనమంతా ఆవుకు ఏమవుతుందోనన్న భయమేనని అప్పుడు తెలిసింది. సంచి సర్దుకోకుండా అరుగు మీద కూర్చున్నాను.

కాసేపటికి ఆమే రోడ్డు వైపు చూసింది. రోడ్డు మీద కాశయ్య హోటలుంది. శ్రీశైలం యాత్రికులకు బజ్జీలు వేస్తాడు.

"అమ్మోరు పోసింది మా ఇంట్లో. కాశయ్య పొయ్యికేమీ లేదు గదా?"

నాకు నవ్వు ఆగలేదు. పుండ్ల మందుకు ఆకులు, పసుపు, వెల్లుల్లి నూరి, ఆ ముద్దా నువ్వుల నూనే పట్టుకుని ముగ్గురం హోటలుకి నడిచాం. సంగతి విని కాశయ్య బజ్జీల మూకుడు దించేశాడు. "తే అక్కా, ఈ పొయ్యి మీద రోజూ తాలింపే" అన్నాడు. వెల్లుల్లి వాసనకు బస్సు దిగినవాళ్లు ఏం టిఫిన్ అని అడిగారు. "ఆవు టిఫిన్" అన్నాడు కాశయ్య.

పుండు కడిగి నూనె పూస్తే ఈగలు వాలడం మానేశాయి. మర్నాడు గౌరి పచ్చగడ్డి నాలుగు పరకలు కొరికింది. జ్వరం మాత్రం దిగలేదు. ఆదెమ్మ దాని చెవి పట్టి చూసి, నా వైపు తిరక్కుండానే, "ఆ సూది కూడా ఏస్తే ఏయిపో" అంది. వెంటనే వేశాను, మళ్లీ మనసు మారకముందే.

గౌరిని నిలబెట్టింది ఆకులా, సూదా, దాని సొంత సత్తువా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. చూలు మాత్రం నిలిచింది. పెయ్యదూడ పుట్టింది. ఆదెమ్మ జున్ను గిన్నె చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వచ్చినప్పుడు నా కళ్లు చెమర్చాయి.

అప్పటి నుంచి ఇలాంటి జబ్బు వచ్చిన ఇంట్లో జ్వరం సంగతి అడిగాక, తాలింపు వేస్తున్నారా అని కూడా అడుగుతున్నాను. వేయట్లేదంటే, ఏ పొయ్యి మీద కాయాలో వాళ్లతోనే ఆలోచిస్తాను. మందు ఎంత మంచిదైనా ఆ ఇంటివాళ్లు చేత్తో ముట్టుకుంటేనే పశువు దాకా చేరుతుందని నాకు నేర్పింది ఆదెమ్మే.

మరుసటి ఏడు ఆ ఊళ్లోనే ఇంకో ఇంట్లో ఎద్దుకు గడ్డలు లేచాయి. నాకు కబురు అందేలోపే ఆదెమ్మ ఫోన్ చేసింది.

"డాక్టరమ్మా, వాళ్లింట్లో తాలింపు ఏయగూడదు గదా. ఆకులన్నీ నూరి మా పొయ్యి మీద పెట్టినా. నువ్వు సూది తీసుకోని రా."