ఐలమ్మకు అందరి రోగాలు

తూంకుంటల ఎవరికి ఏ రోగమొచ్చినా, తెల్లారేసరికి అది ఐలమ్మకూ వస్తది. లోకానికి జలుబే అంటుకుంటది. ఐలమ్మకు పక్కింటోళ్ల విరిగిన కాలు గూడ అంటుకుంటది.

వస్తే ఒక్కతే దవఖానకు పోతదా? పోదు. ఎవరి రోగమో వాళ్లనే తోడు గుంజుకపోతది. మొలలతోని ఎల్లేష్ వారం దినాలు నిలవడే తిన్నడు గాని, సిగ్గుకు డాక్టరు మొకం జూడలే. "నాకూ అయినయి బిడ్డా, తోడు రా" అని లేవదీసింది. కడుపుతోనున్న బిందు సూదికి భయపడి ఇంట్లనే వాంతులు జేసుకుంటుంటే, అరవై దాటిన ఈమెకూ వాంతులే.

బస్తీ దవఖాన నర్సు తృప్తి అడిగింది, "అవ్వా, నీకెన్నో నెల?"

"సదువుకున్నదానివి, నువ్వే జూసి చెప్పు."

వాడంతా వారం నవ్వింది.

వినోదకు మాత్రం నవ్వు రాలే. జీడిమెట్లల మందుగోళీలు డబ్బాలకెత్తుడు ఆమె పని; తనకు రొమ్ముల గడ్డ తగులుతాందని ఎవరికీ చెప్పలే. అత్తకు చెప్తే వాడకు మైకు పెట్టినట్టే. నీళ్ల డబ్బ ఎత్తుతూ ఆమె చెయ్యి ఆగి రొమ్ము కాడికి పోవుడు ఐలమ్మ చూసింది.

మర్నాడు నడివాడల నిలవడి కేకేసింది. "వినోదా, నాకు రొమ్ముల గడ్డ లేసిందే. తోడు రా."

వినోద గొంతు తగ్గించింది. "నేనెందుకు పెద్దమ్మా?"

"నాకు భయమైతాంది."

"పోవే," అన్నది అత్త నవ్వుకుంట, "లేకుంటే దినమంతా గిదే పాట."

దవఖానల ఐలమ్మే ముందు తెర ఎనకకు పోయొచ్చింది. "సూది లేదు, కత్తి లేదు. ఆడ డాక్టరే. ఇగ నువ్వు పో."

"నీ గడ్డేది?"

"దొరకలేదంట. నీ దగ్గరుందేమో చూడుమను."

పెద్ద దవఖాన పరీక్షలల్ల ప్రమాదం లేని గడ్డని తేలింది. చిన్నగ కోసి తీస్తే సరి. వినోదకు పాణం లేసొచ్చింది గాని, ఇంట్ల ఏం జెప్పాలె?

ఐలమ్మ నేరుగ అత్త దగ్గరికే పోయింది. "శుక్రారం నా గడ్డ తీస్తరు వదినా. నీ కోడల్ని తోడు పంపు."

"ఎంతున్నదే?"

"కొబ్బరికాయంత."

ఆ కొబ్బరికాయ ముచ్చట అత్త ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ ఐలమ్మను చూసి నవ్వెటోళ్లే. వినోదను ఒక్కరడిగితే ఒట్టు. ఎల్లేష్‌నూ ఇట్లనే ఎవరూ అడగలేదని వినోదకు అప్పుడు సమజైంది.

శుక్రారం పొద్దున అత్త అన్నది, "దాని ఇంట్లనే రెండు దినాలుండు బిడ్డా, ముసల్దానికి పాపం. ఇంటిపని నేను జూస్త."

గడపల నిలవడ్డ ఐలమ్మ నడుము పట్టుకున్నది. "నాకు నొప్పి జాస్తి వదినా. నాలుగు దినాలు జెయ్యి."