పుర్రచేతి ఫిస్టులా

కోవిడ్ రావడానికి ముందటి ఏడాది జూన్‌లో నన్ను ఉద్దానం ప్రాంతంలోని ఒక ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. హెడ్ నర్సు హోదా, డయాలసిస్ వార్డు బాధ్యత. మాది నెల్లిమర్ల. మా ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు. అర్జీ పెట్టుకుంటే విజయనగరంలోనే ఉంచుతామని ఆఫీసులో అన్నారు. పెట్టలేదు. ఇంట్లో ఆయన పుస్తకాలు ఉన్నాయి. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి, చివరి రోజుల్లో తత్వశాస్త్రం చదివేవారు. ఆయన పోయాక ఆ పుస్తకాలు నేనూ చదివాను. మనిషి ఎందుకు బతకాలి అన్నదాని మీద చాలామంది బాగా రాశారు. మా చర్చి పాస్టరు గారు కూడా ఓపిగ్గా చెప్పారు. పొద్దున్నే లేవడానికి మాత్రం అవేవీ నాకు సాయపడలేదు. డ్యూటీ సాయపడింది.

కిడ్నీలు పనిచేయని మనిషి రక్తాన్ని యంత్రంలోకి తీసి, శుభ్రపరిచి, తిరిగి ఎక్కించడమే డయాలసిస్. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువని అందరికీ తెలిసిందే. మా వార్డులో ఒక మంచం ఖాళీ అయిందంటే ఎవరో పోయారని అర్థం. వారం తిరక్కుండా ఇంకొకరు వచ్చేవారు.

సూదులు గుచ్చడానికి మామూలు నరం చాలదు. అందుకని ముంజేతిలో ధమనిని, సిరను కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. కొన్ని వారాలకు ఆ సిర లావెక్కుతుంది, వేలు ఆనిస్తే లోపల గుర్రుమని అదురు తెలుస్తుంది. ఆ అదురు ఉన్నంతకాలం రోగికి దారి ఉన్నట్టు. ఆ చేత్తో బరువులెత్తకూడదు, దానికి బీపీ పట్టీ కట్టకూడదు. అందుకే ఎక్కువ వాడని చేతికి ఆపరేషన్ చేస్తారు. ఏ చేత్తో రాస్తారని రోగిని అడగడం పద్ధతి. చదువు లేనివాళ్లను ఏ చేత్తో అన్నం తింటారని అడుగుతారు.

భావనపాడు దాటాక ఉండే ఒక మత్స్యకారుల పల్లె నుంచి నూకయ్య వచ్చేవాడు. అరవై దాటిన మనిషి. విశాఖలో ఎడమచేతికి ఫిస్టులా పెట్టించుకుని మా దగ్గర చేరాడు. ఆ చేతిని ఎప్పుడూ తుండుగుడ్డలో వేసి మెడకు వేలాడగట్టుకునేవాడు. జాగ్రత్తపరుడనుకున్నాం. మాటకారి. సూది గుచ్చబోతే, "నెమ్మది సిస్టరమ్మా, సొరసేప కూడా సెప్పే కరుస్తాది" అనేవాడు. కొన్ని వారాలకు మాటలు తగ్గాయి. ఒకరోజు మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ అడిగాడు.

"సిస్టరమ్మా, ఇదెన్నాళ్లు?"

"నీ ప్రాణం ఉన్నన్నాళ్లు, నూకయ్యా."

"పేణం ఉండి నాను సేసీదేటి? వస్తన్నాను, తొంగుంటన్నాను, ఎల్తన్నాను. ఎందుకు బతకాల, సెప్పు."

అప్పుడే రౌండ్సుకు వచ్చిన డాక్టరు గారు పెళ్లాం బిడ్డల కోసం బతకాలని చెప్పారు. నూకయ్య తలూపాడు. మరుసటి వంతుకు రాలేదు. ఫోను చేస్తే భార్య పోలమ్మ ఎత్తి, రానంటున్నాడని చెప్పింది. ఆ తర్వాతి వంతుకూ రాలేదు. కిడ్నీలు పూర్తిగా పోయినవాడు అలా మానేస్తే ఒంట్లో నీరు నిలిచి, ఊపిరితిత్తులకు చేరి, కొద్ది రోజుల్లో ప్రాణం పోతుంది. ఇంటికి వెళ్లి చూడడం నా విధుల్లో లేదు. డాక్టరు గారికి చెప్పి, మర్నాడు నా ఆఫ్ రోజున ఆటో మాట్లాడుకుని వెళ్లాను.

ఇంటి ముందు ఇసుకలో చేపలు ఎండబెట్టి ఉన్నాయి. నూకయ్య అరుగు మీద కూర్చున్నాడు. కాళ్లు ఉబ్బాయి, మాట మాటకీ ఆయాసం. పక్కన చిరిగిన వలలు కుప్పగా పడి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చో, లేవకు. రేపు వస్తావా, రావా?"

"రాను. కోప్పడితే కోప్పడు."

ఇంతలో ఒక కాకి చేపల మీద వాలింది. నూకయ్య చటుక్కున తుండులోంచి ఎడమచెయ్యి తీసి రాయి అందుకున్నాడు. అందుకుని ఆగాడు. రాయి కుడిచేతికి మార్చుకుని విసిరాడు. అది ఎక్కడో పడింది. కాకి కదల్లేదు.

లోపల్నుంచి పోలమ్మ అంది: "సూడమ్మా ఈ పుర్రసేతోడ్ని. కాక్కి కూడా బయం నేదు."

"పుర్రచేతివాడా?" అన్నాను.

"పుట్టినకాణ్ణుంచీ అంతే. వలేసినా, అల్లినా ఆ సెయ్యే. బువ్వొక్కటే కుడిసేత్తో తింటాడు. ఎడంసేత్తో కలిపితే ఆళ్లమ్మ గరిటుచ్చుకుని కొట్టీదంట."

విశాఖలో ఏమడిగి ఉంటారో ఊహించగలను. మన దేశంలో పుర్రచేతివాళ్లు కూడా చాలామంది కుడిచేత్తోనే తింటారు. అతను నిజమే చెప్పాడు. అడిగిన ప్రశ్నే సరిపోలేదు.

తర్వాత నూకయ్య విడమరిచి చెప్పాడు. జబ్బు వచ్చాక సముద్రం మీదకు వెళ్లడం మానేశాడు. వలలు బాగుచేసే పని మాత్రం మిగిలింది. చుట్టుపక్కల పల్లెల వాళ్లు కూడా తెచ్చి ఇచ్చేవారు. ఆపరేషన్ చేసినచోట, ఈ చెయ్యి జాగ్రత్త, పని పెట్టొద్దని చెప్పి పంపారు. అప్పటి నుంచి అతను వల అల్లే సూది ముట్టలేదు.

"ఇచ్చినోళ్లు అడగడం మానీసినారు. ఆ వల కుప్ప సూడనేక లోపల కూసుంటన్నాను. ఉత్తినే తిని తొంగునీవోడికి మిసనెందుకమ్మా?"

వల అల్లడం బరువు పని కాదు. కానీ డాక్టరును అడగకుండా మాటివ్వడం నర్సు చేయకూడని పని. అదే చెప్పాను. రేపు వస్తే అతని ముందే అడుగుతానన్నాను.

"నన్ను మిసనెక్కించడానికి మాయమాటలు సెప్తన్నావు" అన్నాడు. ఉబ్బిన కాళ్లు సర్దుకుని, "మరి నువ్వెందుకు వస్తన్నావు డూటీకి? మీ అయ్యగారు పోయినారంట కదా" అన్నాడు.

వార్డులో అన్నీ అందరికీ తెలుస్తాయి.

"పొద్దున్నే మెషిన్లు కడిగించాలి. నేను చూడకపోతే సరిగ్గా కడగరు. అందుకు" అన్నాను.

నూకయ్య ఆయాసపడుతూనే నవ్వాడు. "అంతేనేటి? ఏదో పెద్ద మాట సెప్తావనుకున్నాను."

"ముసలోడా, రేపు ఎల్దువుగాని" అంది పోలమ్మ.

మర్నాడు వచ్చాడు. డాక్టరు గారు అదురు చూసి, అతనితో సైగ చేయించి, వల అల్లేటప్పుడు చెయ్యి ఎలా కదులుతుందో గమనించారు. వల బాగుచేసుకోవచ్చు, సూదులు తీసిన రోజు మాత్రం వద్దు, తాళ్లు లాగడం, వల విసరడం ఎన్నటికీ వద్దన్నారు. ఫిస్టులాను కుడిచేతికి మార్చమని నూకయ్య అడిగాడు. బాగా పనిచేస్తున్న ఫిస్టులాను వదులుకోవడం తెలివి కాదని, రెండోది కుదురుతుందన్న హామీ కూడా లేదని చెప్పారు. కాసేపు ముఖం ముడుచుకున్నాడు. తర్వాత తుండు విప్పి భుజాన వేసుకున్నాడు.

పడవలు ఒడ్డుకు చేరే ఉదయం పూట చిరిగిన వలలు వస్తాయి కాబట్టి తన వంతు మధ్యాహ్నానికి మార్చమన్నాడు. మార్చాను. ఆ తర్వాత ఏ వంతూ మానలేదు. ఇంకా రెండేళ్లకు పైగా బతికి, ఒక వానాకాలంలో గుండె ఆగి పోయాడు. అప్పటికి అతని దగ్గరున్న వల సగమే అయిందని, దాన్ని తన తమ్ముడు పూర్తిచేసి ఇచ్చాడని పోలమ్మ ఫోనులో చెప్పింది. ఆమె మాటల్లో నాకు గుర్తున్నది అదే.

మనిషి ఎందుకు బతకాలన్నదానికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. ఆ ప్రశ్న రోగి నోట వచ్చినప్పుడు వెంటనే జవాబు చెప్పకూడదని మాత్రం తెలుసు. ఈమధ్య అతని చేతిలోంచి ఏ పని జారిపోయిందో ముందు కనుక్కోవాలి. ఒక్కోసారి అది తిరిగి ఇవ్వగలిగినదై ఉంటుంది. కానప్పుడు అతని పక్కన కూర్చోవాలి. అదీ వార్డు పనే.