తలలు వాల్చిన టమాటా నారు

ఆవిడ అసలు పేరు చుట్టుపక్కల చాలామందికి తెలీదు. నారు పెంచి అమ్ముతుంది కనుక అందరికీ నారమ్మే. పెళ్లికి ముందు కుట్టుమిషను తప్ప మరొకటి ఎరగని మనిషి, అత్తవారింటికి వచ్చాకే మట్టిలో చెయ్యి పెట్టింది. నేర్పింది అత్తగారు. “గింజ నాటుతున్నావా, పాతిపెడుతున్నావా అమ్మాయ్?” అని మొదటిరోజే వేళాకోళం చేసింది. అత్తలేని కోడలు ఉత్తమురాలన్న సామెత ఆ ఇంట్లో చెల్లలేదు. ఇద్దరూ కలిసి పెరటి మడిని ప్లాస్టిక్ షీటు కప్పిన పెద్ద షెడ్డుగా మార్చేశారు. నారు వ్యానులో వేసుకుని ఊళ్లు తిరిగి అమ్మిరావడం ఆవిడ భర్త పని.

ఆ ఏడు చలి ఎముకలు కొరికేసింది. లేత నారు తట్టుకోలేదని షెడ్డులో నూనెతో మండే హీటరు పెట్టారు. పొగ బయటికి పోయేందుకు రేకు గొట్టం ఉంది. షెడ్డును ఆనుకునే విత్తనాల గది. అత్తగారు ఆ గది కిటికీ మూసేసి, షెడ్డు వైపు తలుపు మాత్రం ఓరగా తీసి పెట్టుకుని, వెచ్చగా కూర్చుని గింజలు ఏరుకునేది.

ఒకరోజు పొద్దున్నే షెడ్డులోకి వెళ్లిన నారమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. టమాటా నారంతా తలలు వాల్చేసింది. నిన్న సాయంత్రం చేతులు చాచినట్టున్న ఆకులు ఇవాళ ట్రేల మీదికి వేలాడుతున్నాయి. పక్కనున్న మిరప నారుకు మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు.

“ఏవండీ! నీళ్లు పోసి ముంచేశారా ఏంటి?” అని కేకేసింది. నీళ్లు ఎక్కువై వేళ్లకు ఊపిరాడకపోతే టమాటా ఆకులు అలాగే వాలతాయని ఆవిడకు తెలుసు.

“నేను పైపు ముట్టుకుంటే ఒట్టు!” అన్నాడు భర్త, వ్యాను తుడుస్తూ.

ట్రేలో వేలు పెట్టి చూసింది. మట్టి చెమ్మగా ఉందంతే. ఆకు నలిపితే కండగానే ఉంది. మరి ఇదేం రోగం? షెడ్డులో అడుగుపెట్టినప్పటి నుంచీ తల దిమ్ముగా ఉంది, దానికి తోడు ఇదొకటి. ఫొటో తీసి, వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసే మొక్కల డాక్టరుకు పంపింది. వెంటనే ఫోన్ మోగింది.

“ఆకులు వాడిపోయాయా, వంగాయా?”

“వాడలేదు మేడం. తొడిమలు కిందికి వంగిపోయాయి, ఎవరో పట్టుకుని వంచినట్టు.”

“షెడ్డులో ఏమైనా మండుతోందా?”

“హీటరుంది మేడం, చలికని…”

“మీరెక్కడున్నారిప్పుడు?”

“షెడ్డులోనే.”

“ముందు బయటికి రండి! లోపల ఎవరున్నా లాక్కొచ్చేయండి. నారు సంగతి తర్వాత!”

నారమ్మకు పైప్రాణం పైనే పోయింది. “అత్తయ్యా!” అని అరుస్తూ విత్తనాల గదిలోకి పరిగెత్తింది. తెల్లారకముందే గింజలు ఏరడానికి కూర్చున్న అత్తగారు బల్ల మీద తల వాల్చి ఉంది. చెంప కింద గింజలు నలుగుతున్నాయి. పిలిస్తే పలకలేదు, కుదిపితే కదల్లేదు. అరుపు విని వచ్చిన భర్త కాళ్లు పట్టుకుంటే, తను చంకల కింద చేతులు వేసి బయటికి మోసుకొచ్చింది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. “హీటరు పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసనుండదమ్మా. నిద్రొస్తున్నట్టే ఉంటుంది, అంతే,” అన్నాడు డాక్టరు. గుమ్మం ఇవతల తను మొక్కల కోసం కంగారుపడుతుంటే, అవతల మనిషి పోతోందన్నమాట! అదే తలుచుకుంటూ నారమ్మ బెంచీ మీద కూర్చుంది.

సాయంత్రానికి అత్తగారు కళ్లు తెరిచింది. “ఏరిన గింజలన్నీ కలిపేశారు కదూ?” అంది. నారమ్మ నవ్వబోయి భోరుమంది.

మర్నాడు మొక్కల డాక్టరే స్వయంగా వచ్చింది. రేకు గొట్టం అతుకు దగ్గర ఊడిపోయి ఉంది. పొగంతా షెడ్డులోనే తిరిగింది.

“అయితే నా నారుకు తెలిసిందా మేడం, అది విషమని?”

“మిమ్మల్ని చంపే వాయువు వేరమ్మా. వాటికి తెలిసింది ఆ పొగలోనే ఉండే ఇంకోటి, ఇథిలీన్. దాన్ని మొక్క తనంతట తానే తయారు చేసుకుంటుంది. వేళ్లు నీళ్లలో మునిగితే అక్కణ్ణుంచి ఒక పదార్థం కాండంలోంచి పైకెళ్లి, ఆకులో ఈ వాయువుగా మారుతుంది. కష్టమొచ్చింది, ఆకులు దించుకో, నీళ్ల ఖర్చు తగ్గించుకో, కాండం మీద కొత్త వేళ్లు పుట్టించుకో అని చెప్పడమన్నమాట. మీ నారు ఈ పొగను కూడా తన వేళ్ల కబురే అనుకుంది.”

“అంటే పొరపడింది!”

“పొరపడింది. కానీ అందరికంటే ముందు పొరపడింది.”

నారమ్మ వంగిన నారు వైపు తేరిపార చూసింది. ఇన్నేళ్లూ నీళ్లు పోసి, ఎండ తగలనిచ్చి తనే పెంచుతున్నాననుకుంది. వేళ్లకీ ఆకులకీ మధ్య ఇంత సంభాషణ నడుస్తోందని ఊహకైనా అందలేదు.

హీటరు తీసేశారు. దాని చోట పొగ లేని విద్యుత్ హీటరు వచ్చింది. వంగిన నారు అమ్ముడుపోదని భర్త పారేయబోతే, అత్తగారు ఒప్పుకోక పెరట్లో నాటించింది. పాత ఆకులు వంగే ఉన్నాయి. వాటిపైన పుట్టిన కొత్త ఆకులు మాత్రం నిటారుగా వచ్చాయి.